నాన్నని పంపించేస్తే పిల్లల సంగతేంటి? డిపోర్టేషన్ కేసుల్లో పిల్లల మేలు ఎంత బరువు తూగుతుంది

“పిల్లలు అక్కడే పుట్టారు కదా, వాళ్ల నాన్నని ఎలా పంపించేస్తారు?” అమెరికాలో ఉన్న కొడుక్కో అల్లుడికో ఇమిగ్రేషన్ కోర్టు నోటీసు వచ్చిందని తెలిస్తే, ఇచ్ఛాపురం నుంచి రాజాం దాకా ఏ ఇంట్లోనైనా ముందు వచ్చే మాట ఇదే. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులతో అమెరికా సైనిక విమానం అమృత్‌సర్‌లో దిగింది. అందులో ఎక్కువమంది పంజాబ్, హర్యానా, గుజరాత్ వాళ్లే. అయినా టెన్షన్ ఉత్తరాంధ్ర దాకా పాకింది. చదువుకని, ఉద్యోగానికని ఇక్కడి నుంచి వెళ్లిన చాలామందికి అక్కడ పుట్టిన పిల్లలున్నారు, కానీ తల్లిదండ్రుల వీసా మాత్రం ఉద్యోగానికి కట్టేసి ఉంది. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే సాధారణంగా దొరికే గడువు 60 రోజులే.

క్లుప్తంగా: ఇక్కడ చెప్పుకునే దేశాల్లో బిడ్డకి పౌరసత్వం ఉన్నంత మాత్రాన తల్లిదండ్రుల డిపోర్టేషన్ దానంతట అదే ఆగదు. చాలా దేశాల్లో పిల్లల మేలుని తూకంలో వేస్తారు, కానీ ఆ బరువు దేశాన్ని బట్టి మారిపోతుంది. అమెరికాలో ఆ మెట్టు బాగా ఎత్తు, కెనడా, బ్రిటన్‌లలో కొంత నయం, గల్ఫ్‌లో తూకం వేసే చోటే దాదాపుగా ఉండదు. కేసు నిలబడేది చాలావరకు కాగితాల మీద. ఆ కాగితాల్లో కొన్ని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే వెళ్లాలి.

ఒక్క మాటలో ఉన్న తేడా

అపార్థం మొదలయ్యేది ఇక్కడే. మన దగ్గర భార్యాభర్తలు విడిపోయి పిల్లల కోసం కోర్టుకెళ్తే, బిడ్డ సంక్షేమమే అన్నిటికన్నా పైన ఉంటుంది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 13వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. తండ్రి హక్కయినా, తల్లి హక్కయినా దాని తర్వాతే. ఊళ్లో ఒకరిద్దరి కస్టడీ కేసులు చూసినవాళ్లు డిపోర్టేషన్‌లో కూడా ఇదే రూలు అనుకుంటారు.

కాదు. 1989 నవంబర్ 20న ఐక్యరాజ్య సమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 3వ అధికరణం, పిల్లలకి సంబంధించిన ప్రతి నిర్ణయంలో వాళ్ల మేలు “ఒక” ప్రధాన అంశంగా ఉండాలంటుంది. అంటే ప్రధానమైనవి ఇంకా ఉండొచ్చని అర్థం: సరిహద్దుల మీద ప్రభుత్వ నియంత్రణ, తల్లిదండ్రులు చేసిన నేరం, చెప్పిన అబద్ధం, వీసా గడువు దాటి ఉన్న కాలం. ఇవన్నీ తక్కెడలో రెండో వైపు కూర్చుంటాయి. కస్టడీ కేసులో ఇద్దరు మనుషుల మధ్య తగువు కాబట్టి బిడ్డని పైన పెట్టడం కోర్టుకి తేలిక. డిపోర్టేషన్‌లో అవతల ఉన్నది రాజ్యం.

అదే ఒడంబడిక 9వ అధికరణంలో తక్కువమందికి తెలిసిన ఒక భాగం ఉంది. నిర్బంధం వల్లో, డిపోర్టేషన్ వల్లో ప్రభుత్వమే బిడ్డని తల్లిదండ్రుల నుంచి వేరు చేస్తే, ఆ మనిషి ఎక్కడున్నాడో కుటుంబం అడిగినప్పుడు చెప్పాలి, ఆ సమాచారం బిడ్డకే చేటు చేస్తే తప్ప. ఆ సమాచారం విలువ ఏంటో శ్రీకాకుళం తీరానికి వేరే చెప్పక్కర్లేదు. 2018 నవంబర్‌లో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్లి పాకిస్తాన్ అదుపులోకి వెళ్లిన మన మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర తిరిగొచ్చేదాకా, ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం లాంటి ఊళ్లలో పిల్లలు ఏడాదికి పైగా ఎదురుచూశారు. అది డిపోర్టేషన్ కాదు, నిజమే. బిడ్డ వైపు నుంచి చూస్తే మాత్రం నాన్న ఎక్కడున్నాడు, ఎప్పుడొస్తాడు అన్న ప్రశ్నలు రెండు చోట్లా అవే.

భారత్ ఈ ఒడంబడికలో 1992లో చేరింది. ఐక్యరాజ్య సమితి సభ్య దేశాల్లో దీన్ని ఇంకా ఆమోదించని దేశం అమెరికా ఒక్కటే. 1995లో సంతకం పెట్టింది, అక్కడితో ఆగింది.

అమెరికాలో మెట్టు ఎందుకంత ఎత్తు

కాబట్టి అమెరికా ఇమిగ్రేషన్ కోర్టులో పిల్లల మేలు అనేది విడిగా నిలబడే సూత్రం కాదు, కొన్ని మినహాయింపుల లోపల ఒక ముక్కగా మాత్రమే వస్తుంది. గ్రీన్ కార్డు లేనివాళ్లకి ఉన్న ముఖ్యమైన దారి “క్యాన్సిలేషన్ ఆఫ్ రిమూవల్”. దీనికి పదేళ్లు ఆపకుండా ఆ దేశంలో ఉండాలి, నడవడి బాగుండాలి, అడ్డుపడే నేరాలు ఉండకూడదు. వీటన్నిటి తర్వాత అసలు కష్టం: తాను వెళ్లిపోతే పౌరులో, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లో అయిన భార్య లేదా భర్తకి, తల్లికి, తండ్రికి, బిడ్డకి “అసాధారణమైన, అత్యంత అరుదైన” కష్టం కలుగుతుందని రుజువు చేయాలి. వెళ్లిపోయే మనిషి సొంత కష్టం లెక్కలోకే రాదు. ఇన్నీ దాటినా ఏడాదికి 4,000 మందికి మించి ఇవ్వకూడదని చట్టంలోనే పరిమితి ఉంది.

తండ్రి దూరమైతే బిడ్డ ఏడుస్తాడు, చదువు దెబ్బతింటుంది, డబ్బుకి ఇబ్బంది అవుతుంది. ఇదంతా మామూలు కష్టం కిందే లెక్క, ఎందుకంటే డిపోర్టేషన్ జరిగిన ప్రతి ఇంట్లోనూ అది ఉంటుంది కాబట్టి అరుదైనది కాదని వాళ్ల వాదన. చదవడానికి కఠినంగానే ఉంటుంది, మనిషి బాధని కొలిచే పద్ధతిగా చూస్తే అన్యాయంగా కూడా ఉంటుంది. కానీ చట్టం రాసిన తీరు అదే.

ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు ఇచ్చిన రెండు తీర్పులు పక్కపక్కన పెడితే గీత ఎక్కడుందో కనిపిస్తుంది. 2001లో ఒక మెక్సికో తండ్రి కేసు: ఇరవై ఏళ్లుగా అమెరికాలో ఉన్నాడు, పిల్లలు అక్కడి పౌరులు. అయినా ఒప్పుకోలేదు. పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారు, వాళ్లలో పెద్ద పిల్లలకి స్పానిష్ వచ్చు. 2002లో ఆరుగురు పిల్లల ఒంటరి తల్లి కేసు: ఆమెకి ఉండే అవకాశం ఇచ్చారు. పిల్లలకి స్పానిష్ సరిగా రాదు, వాళ్ల తండ్రి నుంచి సాయం లేదు, ఆమె తల్లిదండ్రులూ తోబుట్టువులూ అమెరికాలోనే స్థిరపడ్డారు, మెక్సికోలో దిక్కయిన బంధువు ఒక్కరు లేరు.

2024లో అమెరికా సుప్రీం కోర్టు ఒక చిన్న తలుపు తెరిచింది. కేసులో తేలిన వాస్తవాలు ఆ “అత్యంత అరుదైన కష్టం” స్థాయికి చేరాయా లేదా అన్న దాన్ని పై కోర్టులు పరిశీలించొచ్చని చెప్పింది. మెట్టు ఎత్తు తగ్గలేదు. మళ్లీ అడిగే చోటు ఒకటి పెరిగింది, అంతే.

ఈ మధ్య జన్మతః పౌరసత్వం వార్తలు కూడా దీనితో కలిసిపోయి గందరగోళం అవుతోంది. పుట్టుకతో వచ్చే పౌరసత్వాన్ని పరిమితం చేస్తూ 2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు ఇచ్చిన ఉత్తర్వు, ఆ తర్వాత నెల రోజులకి మొదలుపెట్టి పుట్టబోయే పిల్లల గురించి. అది వెంటనే కోర్టులకెక్కింది. అంతకుముందు పుట్టిన పిల్లల పౌరసత్వాన్ని అది ముట్టుకోదు.

ఊరే సాక్ష్యం అవుతుంది

ఇప్పుడు ఆ రెండు తీర్పుల్ని మన వైపు తిప్పి చూడండి. మెక్సికో స్థానంలో నరసన్నపేటనో, గజపతినగరాన్నో పెట్టండి. జడ్జి అడిగే ప్రశ్న: ఈ బిడ్డ అక్కడికి వెళ్తే ఏమవుతుంది?

మొదటి చిక్కు మన బలమే. తాత, నాయనమ్మ ఉన్నారు, సొంత ఇల్లుంది, మేనమామ పక్క వీధిలోనే ఉంటాడు, చిన్నాన్న ఏ ఆపదకైనా వచ్చి నిలబడతాడు. పెళ్లి సంబంధానికి ఇవన్నీ మంచి మాటలు. కష్టం రుజువు చేయాల్సిన ఈ హార్డ్‌షిప్ కేసులో ఇవే ఎదురు తిరుగుతాయి, “చూసుకునేవాళ్లున్నారు” అని ప్రభుత్వ లాయరు అనడానికి ఇంతకన్నా ఏం కావాలి? వాటిని దాచమని కాదు, ప్రమాణం చేసి అబద్ధం చెప్తే ఆ అబద్ధమే కేసుని తినేస్తుంది. నిజం పూర్తిగా చెప్పాలి. తాత ఉన్నమాట నిజమే, కానీ ఆయనకి వారంలో రెండు మూడు సార్లు డయాలసిస్ జరుగుతుంటే, నాయనమ్మ ఆయన వెంటే ఆసుపత్రి చుట్టూ తిరుగుతుంటే, ఆ ఇల్లు ఇంకో బిడ్డని మోయగలదా? కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస వైపు, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఇళ్లలో ఇది ఊహించి రాసే మాట కాదు. అప్పుడు తాతగారి డిశ్చార్జ్ సమ్మరీ, డయాలసిస్ రికార్డు అక్కడి కోర్టులో మనవడి కేసుకి సాక్ష్యం అవుతాయి. తెలుగులో ఉన్న కాగితాలైతే ఇంగ్లిష్ అనువాదం, అనువదించినవాళ్ల ధ్రువీకరణ కూడా జత చేయాలి.

రెండోది ఆరోగ్యం. బిడ్డకే కిడ్నీ జబ్బు ఉందనుకుందాం. ఉద్దానంలో మూలం ఇదీ అని తేలని కిడ్నీ వ్యాధి దశాబ్దాలుగా ఉంది, అలాంటి చోటికి బిడ్డని పంపకూడదని వాదించొచ్చు. అవతలి వాళ్లు 2023 డిసెంబర్‌లో పలాసలో మొదలైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రాన్ని చూపిస్తారు. కాబట్టి “మా ఊళ్లో ఆసుపత్రి లేదు” అనే మాట ఒక్కటే నిలబడదు. ఈ బిడ్డకి కావాల్సిన ఈ చికిత్స, ఈ పిల్లల డాక్టరు, ఈ మందు అక్కడ దొరుకుతుందా, లేకపోతే విశాఖపట్నం వెళ్లాలా, ఇచ్ఛాపురం నుంచైతే రెండొందల కిలోమీటర్లకు పైనే కదా, నెలకి ఎన్నిసార్లు వెళ్లాలి? ఇంత విడమరచి రాస్తేనే బరువు.

ఆటిజం లాంటివి ఉన్న పిల్లల విషయంలోనూ ఇంతే. అమెరికా బడుల్లో ప్రత్యేక అవసరాలున్న బిడ్డకి ఐఈపీ అనే విడి ప్రణాళిక ఉంటుంది, స్పీచ్ థెరపీ లాంటివి దాని కిందే బడిలోనే ఇస్తారు. మన మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. రెండు చోట్లా దొరికేది ఒకటేనా, వారానికి ఎన్ని గంటలు, ఏ భాషలో? నాలుగేళ్లుగా ఇంగ్లిష్‌లో థెరపీ తీసుకుంటున్న పిల్లాడికి తెలుగులో మళ్లీ మొదట్నుంచి మొదలుపెడితే ఏమవుతుందో ఆ థెరపిస్టే రాసివ్వాలి, తండ్రి చెప్తే సరిపోదు.

మూడోది భాష. ఇంట్లో తెలుగు మాట్లాడే బిడ్డకి తెలుగు చదవడం రాయడం వచ్చని అర్థం కాదు, కానీ విడమరచి చెప్పకపోతే జడ్జి అలాగే అనుకోవచ్చు. ఇక్కడ ఇంగ్లిష్ మీడియం బడులున్నాయనే మాట ఎలాగూ వస్తుంది. వయసు కూడా తేడా తెస్తుంది. రెండేళ్ల పిల్లాడు ఎక్కడైనా అలవాటు పడతాడంటారు, పద్నాలుగేళ్ల అమ్మాయి విషయంలో అలా అనడం కష్టం.

ఇంకో సంగతి, చాలామంది ఇక్కడే తడబడతారు. బిడ్డ తండ్రితో వెళ్లిపోతుందా, తల్లి దగ్గరే అక్కడ ఉండిపోతుందా? ఈ రెండూ వేర్వేరు కష్టాలు, వాటికి కావాల్సిన రుజువులూ వేరు. ఉండిపోతుందని చెప్తే ఎవరి దగ్గర, ఏ ఆదాయంతో అన్నది ప్రమాణపత్రంలో ఉండాలి. “ఇంకా అనుకోలేదండీ” అంటే రెండు వాదనలూ పలచబడతాయి.

మిగతా దేశాల్లో

కెనడాలో మలుపు 1999లో వచ్చింది. జమైకా నుంచి వచ్చి పదకొండేళ్లు ఇళ్లలో పని చేసి బతికిన ఒక తల్లికి కెనడాలో పుట్టిన నలుగురు పిల్లలున్నారు. ఆమెని పంపించేయాలన్న నిర్ణయాన్ని అక్కడి సుప్రీం కోర్టు కొట్టేసింది, అధికారి పిల్లల్ని అసలు పట్టించుకోలేదని. తర్వాతి వలస చట్టం 25వ సెక్షన్‌లో బిడ్డ మేలు చూడాలని రాసే ఉంది. అయితే మానవతా కారణాలతో దరఖాస్తు పెట్టినంత మాత్రాన విమానం ఆగదు. దరఖాస్తు ఒక కిటికీలో, పంపించే పని ఇంకో కిటికీలో నడుస్తాయి.

బ్రిటన్‌లో 2009 చట్టం 55వ సెక్షన్ ప్రకారం ఇమిగ్రేషన్ శాఖ ఆ దేశంలో ఉన్న పిల్లల సంక్షేమాన్ని చూడాలి. 2011లో టాంజానియా తల్లి కేసులో అక్కడి సుప్రీం కోర్టు, తల్లి అబద్ధపు దరఖాస్తులు పెట్టిందన్నది నిజమే అయినా ఆ తప్పు పిల్లల మీద వేయకూడదని చెప్పింది. ఇక్కడ ఒక తేడా గమనించాలి. 1983 నుంచి బ్రిటన్‌లో పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు, కానీ పుట్టిన దగ్గర్నుంచి మొదటి పదేళ్లు అక్కడే పెరిగితే నమోదు చేసుకోవచ్చు. పౌరుడైన బిడ్డ, లేదా వరసగా ఏడేళ్లు అక్కడున్న బిడ్డ, దేశం విడిచి వెళ్లాలనడం సమంజసం కాదని తేలితే, నేరం లేని తల్లిదండ్రుల్ని పంపాల్సిన అవసరం ఉండదు. అయితే అమ్మానాన్నలిద్దరికీ వీసా లేకపోతే బిడ్డ కూడా వాళ్లతో వెళ్తుందనే కోర్టులు మొదలుపెడతాయి. నేరం మీద జైలు శిక్ష పడితే మెట్టు మళ్లీ బాగా ఎక్కువ.

ఆస్ట్రేలియాలో 1995 హైకోర్టు తీర్పుతో ఇదే ఆలోచన వచ్చింది. ఇప్పుడు నేరం వల్ల వీసా రద్దు చేసేటప్పుడు పిల్లల మేలు ప్రధానంగా చూడాల్సిన వాటిలో ఒకటి.

గల్ఫ్‌లో ప్రశ్నే వేరు

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి గల్ఫ్‌కి, సింగపూర్‌కి వెళ్లే వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్ల పిల్లలు చాలావరకు ఊళ్లోనే ఉంటారు. సింగపూర్ వర్క్ పర్మిట్ మీద కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీల్లేదు, గల్ఫ్‌లో జీతం ఒక స్థాయి దాటితేనే ఫ్యామిలీ వీసా. కాబట్టి ఇక్కడ డిపోర్టేషన్ బిడ్డని తండ్రి నుంచి విడదీయదు, మాట వరసకి కలుపుతుంది. దెబ్బ పడేది అప్పు దగ్గర. ఏజెంటుకి కట్టడానికి వడ్డీకి తెచ్చిన డబ్బు తీరకముందే తండ్రి ఖాళీ చేతులతో దిగితే, ముందు ఆగేది ప్రైవేటు బడి ఫీజు.

అకామా (అక్కడి నివాస అనుమతి) గడువు అయిపోయో, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోయో ఖల్లివల్లి (అనుమతి లేకుండా ఉండిపోయినవాడు) అయిన మనిషికి, పిల్లల గురించి వాదించుకునే కోర్టు మెట్టు దాదాపుగా దొరకదు. అతని చేతిలో ఉన్నది ఎలా బయటికి రావాలన్న ఎంపికే. కువైట్ 2018లోనూ 2024లోనూ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, అవుట్ పాస్ (దేశం వదలడానికి ఇచ్చే పత్రం) తీసుకుని ఆ గడువులో వెళ్లినవాళ్లకి మళ్లీ కొత్త వీసా మీద వచ్చే వీలు ఉంచింది. పట్టుబడి వేలిముద్రలిచ్చి డిపోర్ట్ అయినవాళ్లకి ఆ వీలు లేదు. ఇంట్లో పిల్లలకి రాబోయే పదేళ్ల చదువు ఖర్చు ఈ ఒక్క తేడా మీద ఆధారపడుతుంది, అందుకే క్షమాభిక్ష వార్త వచ్చిన రోజే ఫోన్ చేసి చెప్పాల్సింది ఇంట్లోవాళ్లు.

ఇళ్లలో పనికెళ్లిన ఆడవాళ్లకి అక్కడ బిడ్డ పుడితే పరిస్థితి ఇంకా గడ్డు. పెళ్లి కాగితం లేకపోతే జనన ధ్రువపత్రం కష్టం, అది లేకపోతే బిడ్డకి ప్రయాణ పత్రం కష్టం. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం విదేశంలో పుట్టిన బిడ్డని ఏడాదిలోగా భారత ఎంబసీలో నమోదు చేయించాలి, తర్వాతైతే కేంద్రం అనుమతి కావాలి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్, ప్రవాసాంధ్రుల కోసం ఉన్న రాష్ట్ర సంస్థ ఏపీఎన్నార్టీ రెండింటికీ ఊళ్లో నుంచే ఫిర్యాదు పంపొచ్చు.

బిడ్డ మధ్యలో ఇరుక్కునే చోట్లు

మళ్లీ అమెరికా దగ్గరికి. 16 ఏళ్లలోపు బిడ్డకి అమెరికా పాస్‌పోర్టు కావాలంటే అమ్మానాన్నలిద్దరి ఒప్పుదల ఉండాలి. తండ్రి నిర్బంధంలోకి వెళ్లాక ఆ సంతకం తేవడం ఎంత కష్టమో చెప్పలేం. పాస్‌పోర్టు వచ్చినా భారత్‌లో అడుగుపెట్టడానికి వీసానో, ఓసీఐ కార్డో (విదేశీ పౌరసత్వం ఉన్న భారత మూలాలవాళ్లకి ఇచ్చేది) కావాలి, ఎందుకంటే అక్కడి పౌరుడైన ఆ బిడ్డ మన చట్టం దృష్టిలో విదేశీయుడు. తండ్రి ఒక విమానంలో, కాగితాలు లేక బిడ్డ అక్కడే.

అమ్మానాన్నలిద్దర్నీ ఒకేసారి పట్టుకుంటే ఇంకా పెద్ద ప్రమాదం. బంధువులు ముందుకు రాకపోతే బిడ్డ ఫోస్టర్ కేర్‌కి, అంటే ప్రభుత్వం చూసిన వేరే ఇంటి సంరక్షణకి వెళ్లొచ్చు. 1997 నాటి అమెరికా చట్టం ప్రకారం 22 నెలల్లో 15 నెలలు బిడ్డ అలా ఉంటే, తల్లిదండ్రుల హక్కులు రద్దు చేయమని రాష్ట్రం కోర్టుని అడగాలి. బిడ్డ బంధువుల దగ్గరుంటే దీనికి మినహాయింపు ఇవ్వొచ్చు. అందుకే పవర్ ఆఫ్ అటార్నీనో, ఆ రాష్ట్రం ఒప్పుకునే గార్డియన్ పత్రమో ముందే రాసిపెట్టమని అక్కడి లాయర్లు చెబుతారు. ఆ పత్రంలో రాసే పేరు అమెరికాలో ఉండి వెంటనే బడికి వెళ్లి బిడ్డని తెచ్చుకోగలిగే వాళ్లదై ఉండాలి. టెక్కలిలో ఉన్న తాతగారి పేరు రాస్తే ఆ సాయంత్రం పని జరగదు.

ఊరికి వచ్చాక

విద్యా హక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల బిడ్డని వయసుకి తగిన తరగతిలో చేర్చుకోవాలి, టీసీ లేదనో, వయసు రుజువు లేదనో వెనక్కి పంపకూడదు. వెనకబడిన బిడ్డకి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని కూడా అందులోనే ఉంది, అడిగితేనే దొరికే విషయం ఇది. ఓసీఐ బిడ్డ ఇక్కడ ఏడాదిలో 182 రోజులు ఉంటే ఆధార్ తీసుకోవచ్చు. ఇంటి ఆదాయం పూర్తిగా పడిపోతే మిషన్ వాత్సల్య కింద అర్హులైన పిల్లలకి నెలకి 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది, దానికి జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని కలవాలి, 1098కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

ఇంటర్ దాటేటప్పుడు అసలు సమస్య బయటపడుతుంది. 2021 మార్చి 4 నాటి కేంద్ర నోటిఫికేషన్ తర్వాత ఓసీఐ కార్డు తీసుకున్న పిల్లలు నీట్, జేఈఈ లాంటి వాటిలో ఎన్నారై సీట్లకో, అదనపు సీట్లకో మాత్రమే పోటీ పడగలరు. మెడిసిన్‌లో ఆ ఫీజులు ఉద్యోగం పోయి తిరిగొచ్చిన తండ్రికి అందేవి కావు. పొలం, జీడితోట, కొబ్బరితోట కొనడానికీ ఓసీఐకి వీల్లేదు, వారసత్వంగా రావొచ్చు.

తండ్రిని మళ్లీ పిలిపించుకునే లెక్క ఇంకోటి ఉంది. అమెరికా పౌరుడైన బిడ్డ 21 ఏళ్లు నిండాకే తల్లిదండ్రుల కోసం గ్రీన్ కార్డు పిటిషన్ వేయగలడు. తొలిసారి డిపోర్టేషన్ ఉత్తర్వుతో వెళ్లిన తండ్రికి మామూలుగా పదేళ్ల నిషేధం ఉంటుంది, తీవ్రమైన నేరం ఉంటే అది తీరదు. జడ్జి అనుమతితో స్వచ్ఛందంగా వెళ్లిపోతే ఆ ఉత్తర్వు మచ్చ పడదు, కానీ ఏడాదికి మించి వీసా లేకుండా ఉండి ఉంటే ఆ కారణంగా వేరే పదేళ్ల నిషేధం పడుతుంది. ఆరేళ్లప్పుడు టెక్కలి వచ్చిన పిల్లాడి విషయంలో తండ్రి నిషేధం వాడికి పదహారేళ్లప్పుడు తీరిపోవచ్చు, అయినా వాడు సంతకం పెట్టాలంటే ఇంకో ఐదేళ్లు ఆగాలి. ఆ రోజు వస్తే చూపించడానికి వాడి జనన ధ్రువపత్రం, గడువు తీరిన పాత పాస్‌పోర్టు, తండ్రి వెళ్లిన తేదీ ఉన్న కాగితం ఇంట్లో భద్రంగా ఉండాలి.